బయాప్సీ ముక్కకైనా రొయ్యకైనా: ఏ ద్రావణం, ఏ మైనం, ఏ రంగు?

హిస్టాలజీ ల్యాబు, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసే ల్యాబు, పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ముక్కను కోసే మైక్రోటోమ్ ఏ కంపెనీది కొనాలని. తర్వాత ముక్కలో నీళ్లు తీసి మైనం ఎక్కించే టిష్యూ ప్రాసెసర్ గురించి, ఆ తర్వాత స్టెయిన్ల (రంగుల) గురించి. ముక్క ల్యాబుకు చేరేలోపు ఏ సీసాలో ఉండాలనేది చాలామంది అడగనే అడగరు. నేనైతే ఆ వరుసను తిరగేస్తాను.

కారణం ఒకటే. ఈ పనిలో కొన్ని తప్పులకు విరుగుడు ఉంది, కొన్నిటికి లేదు. రంగు చెడితే కడిగేసి మళ్లీ వేయొచ్చు. సెక్షన్, అంటే కోసిన పల్చని పొర, చిరిగితే బ్లాక్, అంటే మైనంలో పోసిన ముక్క, ఇంకా చేతిలోనే ఉంటుంది, మళ్లీ కోయొచ్చు. మైనం సరిగ్గా ఎక్కకపోతే కరిగించి, ముక్కను వెనక్కి జైలీన్‌లోకి, ఆల్కహాలులోకి తీసుకెళ్లి మళ్లీ మొదలుపెట్టొచ్చు. కష్టమే, కానీ కుదురుతుంది. ఫిక్సేషన్, అంటే ముక్క కుళ్లకుండా ద్రావణంలో వేసి నిలబెట్టడం, చెడితే మాత్రం రోగిని మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కించాలి. గర్భసంచి మొత్తం తీసేశాక ఆ దారి కూడా ఉండదు. కాబట్టి రెండు పద్ధతుల మధ్య ఏది ఎంచుకోవాలో తేలనప్పుడు, ఆ అడుగు దగ్గర తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి వీలుందా అని చూడండి. వీలు లేని చోట డబ్బూ జాగ్రత్తా పెట్టండి. వీలున్న చోట చవకది వాడినా మునిగిపోయేదేమీ లేదు.

ఇది నెల్లూరు, ఒంగోలు, కావలి లాంటి ఊళ్లలో రోజుకు పది, ఇరవై, నలభై బ్లాకులు చేసే ల్యాబుల కోసం రాస్తున్నాను. మెడికల్ కాలేజీల్లో వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. మన దగ్గర వేసవి ఎండ, సముద్రపు తేమ, తుఫాన్లప్పుడు కరెంటు కోత, ఊరికో రుచి ఉన్న బోరు నీళ్లు, ఇవన్నీ స్లయిడ్ మీద కనిపిస్తాయి. పైగా ఈ తీరంలో మనుషుల బయాప్సీలతో పాటు రొయ్యలూ ఉన్నాయి.

మొదటి సీసా

నర్సింగ్ హోముల నుంచి ముక్కలు నాలుగు రకాలుగా వస్తుంటాయి: బఫర్ (ఆమ్లం పెరగనివ్వని లవణాలు) కలిపిన ఫార్మలిన్‌లో, ఉత్త కుళాయి నీళ్లు కలిపిన ఫార్మలిన్‌లో, సెలైన్‌లో, సర్జికల్ స్పిరిట్‌లో. సెలైన్‌లో వచ్చిన ముక్క తడిగా ఉందంతే, ఫిక్స్ కాలేదు. మే నెలలో ఉదయగిరి నుంచి నెల్లూరుకు బస్సులో వచ్చేలోపు కణాలు తమ ఎంజైములతో తామే అరిగిపోవడం మొదలుపెడతాయి. స్పిరిట్‌లో వచ్చింది ఫిక్స్ అవుతుంది గానీ, పైన గట్టిపడి కుంచించుకుపోతుంది, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఈ రెండూ ఎంపికలు కావు, అలవాట్లు. మాన్పించాలి. అసలు పోటీ మొదటి రెండిటి మధ్యే.

ముందు ఒక లెక్క సరిచేసుకోవాలి. దుకాణంలో దొరికే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. దాన్ని ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే అది 10 శాతం ఫార్మలిన్. అందులో ఫార్మాల్డిహైడ్ ఉండేది సుమారు 4 శాతమే. సీసా మీద 40 అని చూసి, 10 శాతానికి తేవాలంటే నాలుగింతలు చేస్తే చాలనుకునేవాళ్లు ఉన్నారు. ఆ ముక్క బయట చెక్కలా బిగుసుకుంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

ఉత్త నీళ్ల ఫార్మలిన్ చవక, తయారీ నిమిషం పని. కానీ నిల్వ ఉండే కొద్దీ అందులో ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. ఆమ్లం పెరిగిన ఫార్మలిన్ రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి గోధుమ నలుపు రంగు గింజల్ని వదులుతుంది. ప్లీహం, రక్తం గడ్డకట్టిన ముక్కల్లో ఇవి నిండా కనిపిస్తాయి. మలేరియా పిగ్మెంటేమోనని చూసేవాళ్లు తడబడతారు. ఆ గింజల్ని ఆల్కహాలులో కరిగించిన పిక్రిక్ ఆమ్లంతో తీసేయొచ్చు. కేంద్రకాల్లో పోయిన స్పష్టతను తెచ్చే మందు మాత్రం లేదు. పాత ల్యాబుల్లో డబ్బా అడుగున చలువరాతి ముక్కలు వేసి ఆమ్లాన్ని అదుపులో పెట్టేవాళ్లు. డబ్బాలో ఉన్నంతసేపు పనిచేస్తుంది, చిన్న సీసాల్లోకి వంచి పంపాక ఆ రక్షణ ఉండదు.

బఫర్ ఫార్మలిన్‌కు కావలసింది లీటరుకు రెండు లవణాలు: సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఇవి కరిగించి 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్ పోస్తే పీహెచ్ 7 దగ్గర నిలుస్తుంది. ఈ రెండు లవణాలకయ్యే ఖర్చు చూస్తే ఇక్కడ పోలిక అనేదే అనవసరం. బఫర్‌దే తీసుకోండి. ఇంకో మాట చెప్తాను: కొత్త మెషిన్ మీద పెట్టే డబ్బులో కొంత తీసి, మీకు ముక్కలు పంపే ప్రతి నర్సింగ్ హోముకూ వెడల్పు మూతి డబ్బాల్లో బఫర్ ఫార్మలిన్ పోసి, మీ లేబుల్ అంటించి ఊరికే ఇవ్వండి. ఇరుకు మూతి సీసాలో మెత్తగా ఉన్నప్పుడు దూర్చిన గడ్డ, ఫిక్స్ అయ్యాక బయటికి రాదు. సీసా పగలగొట్టి తీసేసరికి ముక్క ఆకారం సీసా ఆకారమై ఉంటుంది.

ద్రావణం ముక్కకు కనీసం పదింతలు ఉండాలి, ఇరవై ఇంతలైతే ఇంకా మంచిది. ఫార్మలిన్ గంటకు ఒక మిల్లీమీటరు లోపలికి వెళ్తుందనే లెక్క మొదటి గంటకే సరిపోతుంది, లోతుకు వెళ్లే కొద్దీ వేగం తగ్గుతుంది. అందుకే పెద్ద గడ్డనో గర్భసంచినో కోయకుండా ముంచితే, పెద్ద మామిడి ముక్కకు ఉప్పు పట్టని ఆవకాయలాగా, పైన బాగుండి లోపల కుళ్లుతుంది. సర్జన్ ఒప్పుకుంటే అక్కడే ఒక గాటు పెట్టించండి. ఒప్పుకోకపోతే ల్యాబుకు చేరిన గంటలోనే మీరు కోయండి.

రొమ్ము క్యాన్సర్ ముక్కల విషయంలో ఇంకొంచెం పట్టుదల కావాలి. ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలకు వెళ్లే ముక్కను ఒంట్లోంచి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. శనివారం సాయంత్రం వచ్చిన ముక్కను సోమవారం వరకు వదిలేస్తే ఇంకా పరిమితిలోనే ఉంటారు, మధ్యలో పండగ వస్తే దాటిపోతారు. లేబుల్ మీద తేదీతో పాటు ఫార్మలిన్‌లో వేసిన టైము కూడా రాయమని అడగండి.

బోయిన్స్ ద్రావణం గురించి తరచూ అడుగుతారు. వృషణం బయాప్సీలో కేంద్రకాల సన్నని వివరాలు దీంట్లో చక్కగా నిలుస్తాయి. కానీ ఇందులో ఉండే పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలుడు పదార్థం. డీఎన్‌ఏ కూడా దెబ్బతింటుంది. సంతానలేమి కేంద్రాల నుంచి మీకు ముక్కలు వస్తుంటే తప్ప పెట్టుకోవద్దు. పెట్టుకుంటే పిక్రిక్ ఆమ్లం సీసాలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండేలా చూసుకోండి.

ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. ఏసీ పోతుందని తలుపులు బిగించి గ్రాసింగ్ (ముక్కల్ని చూసి కోయడం) చేసే గదులు మన దగ్గర చాలా ఉన్నాయి. గాలిని బయటికి లాగే ఫ్యాన్ పెట్టుకుని, దాని ముందు కూర్చుని కోయండి.

ఆల్కహాలు, జైలీన్, కరెంటు

నీళ్లు తీసే పనికి పుస్తకం ఇథనాల్ అంటుంది. మన దగ్గర ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి కావాలి, లెక్కలు రాయాలి. చిన్న ల్యాబులు ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడేది ఈ తలనొప్పి వల్లే. నిజం చెప్పాలంటే అదేమీ తక్కువ సరుకు కాదు. ముక్కను ఇథనాల్ కంటే తక్కువ కుదిస్తుంది, తక్కువ గట్టిపరుస్తుంది. కాస్త నెమ్మది, అంతే. ఒక్క చోట మాత్రం పనికిరాదు: గులాబీ రంగు వేసే ఇయోసిన్ పొడి అందులో సరిగ్గా కరగదు. రంగు కలుపుకోవడానికి కొంచెం ఇథనాల్ ఉంచుకోండి, లేదా నీళ్ల ఇయోసిన్‌కు వెళ్లండి. అసిటోన్ వేగంగా నీళ్లు లాగుతుంది, అర్జెంటు చిన్న బయాప్సీలకు సరే. రోజువారీగా వాడితే ముక్కలు పెళుసవుతాయి. ఎండాకాలంలో అది ఆవిరైపోయే వేగం, నిప్పంటుకునే ప్రమాదం కూడా లెక్కలో వేసుకోండి.

ఆల్కహాలును తీసి ముక్కను మైనానికి సిద్ధం చేసే పనికి, జైలీన్‌కూ క్లోరోఫామ్‌కూ మధ్య నా ఓటు జైలీన్‌కే. ముక్క ఎప్పుడు తేటపడిందో కంటితో చూసి తెలుసుకోవచ్చు. ఎక్కువసేపు వదిలేస్తే పెళుసవుతుంది కాబట్టి రాత్రంతా అందులో ఉంచకూడదు. కండ ఎక్కువున్న గర్భసంచి ముక్కలకు క్లోరోఫామ్ మెత్తగా పనిచేస్తుంది గానీ నెమ్మది, దాని విషం వేరు. వానాకాలంలో జైలీన్ పాలలాగా తెల్లబడితే నీళ్లు చేరాయని అర్థం. తప్పు జైలీన్‌ది కాదు, దాని ముందున్న ఆఖరి ఆల్కహాలుది. మన తీరంలో తేమకు ఆల్కహాలు మూత తీసి ఉంచితే చాలు, గాల్లోంచి నీళ్లు తాగేస్తుంది. ఆఖరి ఆల్కహాలు జాడీని ముందుకు జరిపి, కొత్తది చివర పెట్టే పద్ధతి పాటిస్తే ఖర్చు పెరగదు.

చేత్తో చేయడమా, మెషినా? రోజుకు పది పదిహేను బ్లాకులైతే మూతలున్న గాజు జాడీలు, ఒక టైమరు చాలు. మూడు మిల్లీమీటర్ల ముక్కకు 70 శాతం, 95 శాతం, తర్వాత మూడు సార్లు నూటికి నూరు ఆల్కహాలు, రెండు సార్లు జైలీన్, రెండు మూడు సార్లు మైనం, ఒక్కోదాంట్లో గంట చొప్పున వేసుకోండి. కొవ్వున్న ముక్కలకు ఇంకా ఎక్కువ. అంతకు మించి పని ఉంటే మెషిన్ కొనండి. కొనేముందు కరెంటు పోయినప్పుడు బుట్ట ఎక్కడ ఆగుతుందో దగ్గరుండి చూడండి. ద్రావణంలో ఆగితే ఫరవాలేదు. ఒక జాడీ నుంచి ఇంకో జాడీకి పోతూ గాల్లో ఆగితే ముక్కలు ఎండిపోతాయి, ఎండిన ముక్క మామూలుగా అయ్యే ఆశ తక్కువ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రుల్లో మెషిన్‌ను నమ్మి ఇంటికి వెళ్లలేరు. యూపీఎస్ లేని ప్రాసెసర్ కంటే జాడీలే నయం. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ముక్కల్ని ఫార్మలిన్‌లోనే ఉంచి మర్నాడు మొదలుపెట్టడం అన్నిటికంటే నయం, ఆ రొమ్ము ముక్కల 72 గంటలు మాత్రం చూసుకుని.

రోహిణి కార్తెలో మైనం

మైనం 56-58, 58-60, 60-62 డిగ్రీల దగ్గర కరిగే రకాలుగా దొరుకుతుంది. మెత్తనిది ఎండల్లో బ్లేడు ముందు నలిగిపోతుంది. గట్టిది ఏసీ చల్లదనానికి బీటలిస్తుంది. సెరెసిన్ కలిపిన 58-60 ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. ఏసీ లేని గదిలో పనిచేసేవాళ్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా 60-62కు మారితే మేలు. ఏది కొన్నా మైనం ఓవెన్‌ను దాని కరిగే వేడి కంటే రెండు మూడు డిగ్రీలే ఎక్కువ పెట్టండి. తొందరగా ఎక్కుతుందని 70 దాకా తిప్పితే లోపల ముక్క ఉడుకుతుంది.

రోహిణి కార్తెలో సెక్షన్ కోయడం ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. బ్లాకును ఐసు మీద బోర్లా పెట్టి పది నిమిషాలు ఉంచుతాం. ఐసు కరిగిన నీళ్లు కోసిన ముఖంలోంచి కొద్దిగా ఇంకుతాయి, పెళుసు ముక్క మెత్తబడుతుంది. మైక్రోటోమ్‌కు బిగించాక మొదటి నాలుగైదు సెక్షన్లు రిబ్బన్‌లా వరసగా వస్తాయి. తర్వాత ఒక్కో సెక్షన్ పొట్టిగా, మడతలుగా రావడం, బ్లేడు అంచుకు అతుక్కోవడం మొదలవుతుంది. కొత్తవాళ్లు అప్పుడు చక్రం గబగబా తిప్పుతారు, లేదా బ్లేడు మారుస్తారు. రెండూ అనవసరం. బ్లాకును తీసి మళ్లీ ఐసు మీద పెట్టడమే మందు. చక్రం నెమ్మదిగా, ఒకే వేగంతో తిరగాలి. మామూలు ముక్కకు 3 నుంచి 4 మైక్రాన్లు, కిడ్నీ బయాప్సీకి 2, కాంగో రెడ్ అనే రంగు వేయాల్సిన సెక్షన్‌కు 8 దాకా పోవచ్చు.

మైక్రోటోమ్ విషయం ఇక్కడికి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. రోటరీది, స్క్రూలు వదులుకానిది, సర్వీసు చేసే మనిషి చెన్నై నుంచో విజయవాడ నుంచో రెండు రోజుల్లో రాగలిగింది అయితే సెకండ్ హ్యాండ్‌దైనా కొనండి. పాత ఉక్కు కత్తికి సాన పట్టడం తెలిసినవాళ్లు తగ్గిపోయారు, వాడి పారేసే బ్లేడ్లే మేలు. వాటిలో సన్న రకం మామూలు బయాప్సీలకు, వెడల్పు రకం గర్భసంచి, ఎముక లాంటి గట్టి ముక్కలకు. ఇత్తడి ఎల్ అచ్చుల్లో పోసే బ్లాకా, ప్లాస్టిక్ క్యాసెట్టా అంటే క్యాసెట్టే. నంబరు ముక్కతో పాటు మొదట్నుంచి చివరిదాకా ప్రయాణిస్తుంది. ఎల్ అచ్చుల్లో చీటీ తారుమారైతే ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోతుంది.

సెక్షన్ తేలేసే వాటర్ బాత్ మైనం కరిగే వేడికి పది డిగ్రీలు తక్కువగా, అంటే 48 దగ్గర ఉండాలి. స్లయిడ్‌కు అతికించడానికి గుడ్డు తెల్లసొన, గ్లిజరిన్ సమపాళ్లలో కలిపి థైమాల్ పలుకు వేసిన పాత ద్రావణం రోజువారీ పనికి ఇప్పటికీ సరిపోతుంది. పల్చగా రాయాలి, మందంగా రాస్తే అదే గులాబీ రంగు పట్టేసి వెనక మబ్బులా కనిపిస్తుంది. ఈఆర్, హెర్2 లాంటి ఇమ్యునో పరీక్షలకు మాత్రం పూత పూసిన స్లయిడ్లే కొనండి. వేడి బఫర్‌లో ఉడికించినప్పుడు తెల్లసొన పట్టు వదిలేస్తుంది, సెక్షన్ తేలిపోతుంది.

హెమటాక్సిలిన్‌లో ఏది?

ఇది విరుగుడు ఉన్న అడుగు, కాబట్టి టెన్షన్ పడకుండా మీ పని తీరుకు నప్పేది తీసుకోవచ్చు. కేంద్రకాలకు నీలం రంగు వేసే హెమటాక్సిలిన్ మెక్సికో తీరం వైపు పెరిగే ఒక చెట్టు చేవలోంచి వస్తుంది. దానంతట అది రంగు వేయదు. ఆక్సీకరణం చెంది హెమటీన్‌గా మారాలి, రంగును ముక్కకు పట్టించే పటిక లాంటి మార్డెంట్ తోడుండాలి. రకాల మధ్య తేడా అంతా ఆ ఆక్సీకరణం ఎలా చేశారు, ఆమ్లం ఎంత పోశారు అనే దాంట్లోనే.

1900 నాటి హారిస్ పద్ధతిలో ఆక్సీకరణానికి మెర్క్యురిక్ ఆక్సైడ్ వేసేవాళ్లు. ఇప్పటికీ కొన్ని ల్యాబుల్లో ఆ పొడి అల్మారాలో ఉంటుంది. తీసేయండి. సోడియం అయొడేట్‌తో అదే పని అవుతుంది, పాదరసం కాలువలోకి పోదు. హారిస్ కేంద్రకాన్ని గీత గీసినట్టు చూపిస్తుంది. కానీ ఎక్కువ రంగు వేసి, తర్వాత యాసిడ్ ఆల్కహాలుతో తగ్గించే పద్ధతి ఇది. 70 శాతం ఆల్కహాలు 100 మిల్లీలీటర్లలో 1 మిల్లీలీటరు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసిన దాంట్లో స్లయిడ్‌ను రెండు మూడు సార్లు ముంచి తీయడంలో ఉంటుంది చేతి నైపుణ్యమంతా. ఒక మునక ఎక్కువైతే కేంద్రకం వెలిసిపోతుంది, తక్కువైతే సైటోప్లాజం నీలంగా మురికిగా ఉంటుంది. తడి స్లయిడ్‌ను మైక్రోస్కోప్ కింద పెట్టి చూసుకునే ఓపిక ఉన్న టెక్నీషియన్ దొరికితే హారిస్‌కు సాటి లేదు.

1903లో వచ్చిన మేయర్స్‌లో రంగు తక్కువ, ఆ రంగుతో పోలిస్తే పటిక ఎక్కువ. అయిదు నుంచి పది నిమిషాల్లో కావలసినంత మాత్రమే ఎక్కి ఆగుతుంది, యాసిడ్‌తో తగ్గించే పని లేదు. టెక్నీషియన్లు తరచూ మారే ల్యాబులో, ఒక్క మనిషే రిసెప్షన్ నుంచి రిపోర్టు దాకా చూసుకునే చోట, మేయర్స్ తీసుకోండి. ఈ రోజు స్లయిడ్, వచ్చే వారం స్లయిడ్ ఒకేలా ఉంటాయి. ఇమ్యునో స్లయిడ్లకు వెనక రంగుగా కూడా ఇదే వాడుకోవచ్చు. హారిస్‌తో పోలిస్తే కేంద్రకం కాస్త మెత్తగా కనిపిస్తుందనే ఫిర్యాదు నిజమే. చిన్న ల్యాబుకు ఒకే రకం రోజూ రావడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఎర్లిచ్‌ది 1886 నాటిది. ఎండలో రెండు నెలలు పండబెట్టి తయారుచేస్తారు. ఎండకు మన దగ్గర కొదవ లేదు! యాసిడ్‌లో నానిన ఎముక ముక్కల్లో, మిగతావి తేలిపోయే చోట, ఇది పట్టు చూపిస్తుంది. ఎముకల పని ఎక్కువున్న చోట ఒక సీసా చేసి పెట్టుకోవచ్చు. 1974లో వచ్చిన గిల్స్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, బాగుంటుంది, ఖరీదు.

ఏది వాడినా పొద్దున్నే వడకట్టండి. హారిస్ మీద లోహపు మెరుపుతో తెట్టు కడుతుంది, అది స్లయిడ్ మీద నీలి మరకగా తేలుతుంది. సీసాలో సత్తువ ఉందో లేదో చూడాలంటే రెండు చుక్కలు కుళాయి నీళ్లలో వేయండి. నీలి ఊదాగా విచ్చుకుంటే పనికొస్తుంది. ఎర్రగానో గోధుమగానో మిగిలిపోతే దాని పని అయిపోయింది.

ఇక నీలం తేలడం గురించి. హెమటాక్సిలిన్ ఎక్కిన కేంద్రకం మొదట ఎర్ర ఊదాగా ఉంటుంది, క్షారం తగిలితే నీలమవుతుంది. కుళాయి నీళ్లలో పది నిమిషాలు కడగమని పుస్తకాలు అంటే, అవి క్షార గుణం ఉన్న నీళ్లని లెక్క. మన బోరు నీళ్లలో ఆ గుణం తరచుగా దండిగానే ఉంటుంది. కానీ తీరం వైపు ఉప్పు, కనిగిరి వైపు కఠినత్వం. ఎండాక స్లయిడ్ మీద తెల్లని పొర కట్టొచ్చు. ఆ చిరాకుతో కొందరు ఆర్వో నీళ్లకు మారతారు. ఆర్వో నీళ్లు కాస్త ఆమ్లం వైపు ఉంటాయి, ఎంతసేపు కడిగినా కేంద్రకం ఎర్రగానే ఉంటుంది. హెమటాక్సిలిన్ బాలేదని కొత్త సీసా కొంటారు! స్కాట్స్ ద్రావణం చేసుకోండి: లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం బైకార్బొనేట్ 3.5 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 20 గ్రాములు. రెండు మూడు నిమిషాల్లో నీలం తేలుతుంది, ఏ ఊరి నీళ్లతోనూ సంబంధం ఉండదు. అమ్మోనియా నీళ్లు సెకన్లలో చేస్తాయి గానీ సెక్షన్లు ఊడిపోతాయి. స్కాట్స్ తర్వాత నీళ్లతో బాగా కడగాలి, క్షారం మిగిలితే ఇయోసిన్ ఎక్కదు.

ఇయోసిన్‌లో నీళ్లదా, ఆల్కహాలుదా అనేది పెద్ద గొడవ కాదు. నీళ్లది ఒక శాతం చేసుకోవడం తేలిక, బూజు పట్టకుండా థైమాల్ వేయాలి. ఆల్కహాలుది నిల్వ ఉంటుంది, రంగు తేట. రెండిట్లోనూ లీటరుకు కొన్ని చుక్కల అసిటిక్ ఆమ్లం రంగును పదునెక్కిస్తుంది. స్లయిడ్ చూసినప్పుడు గులాబీలో మూడు ఛాయలు విడివిడిగా కనిపించాలి: ఎర్ర రక్తకణాలు బాగా ముదురు, కండ మధ్యరకం, కొలాజెన్ లేత. అన్నీ ఒకే గులాబీ అయితే ఆ తర్వాతి ఆల్కహాలులో ఎక్కువసేపో తక్కువసేపో ఉంచారన్నమాట.

స్పెషల్ స్టెయిన్లలో ఏవి పెట్టుకోవాలి

చిన్న ల్యాబుకు మూడు చాలు: పీఏఎస్ (ఫంగస్, చక్కెర పదార్థాలకు), జీల్ నీల్సన్ (టీబీకి), ఫైట్ (కుష్ఠుకు). పీచు కణజాలాన్ని చూపే ట్రైక్రోమ్, రెటిక్యులిన్ నెలకు ఒకటో రెండో వస్తే స్లయిడ్లు పెద్ద ల్యాబుకు పంపడమే చవక. పీఏఎస్‌కు వాడే షిఫ్ ద్రావణం మన ఎండకు త్వరగా చెడుతుంది, ఫ్రిజ్‌లో ఉంచండి. రెండు చుక్కలు ఫార్మలిన్‌లో వేస్తే వెంటనే ఎర్ర ఊదా రావాలి. ఆలస్యంగా నీలంగా వస్తే పారబోయండి.

టీబీ, కుష్ఠు రెండిటికీ జీల్ నీల్సన్ ఒక్కటే చాలదా అని అడుగుతారు. చాలదు. కుష్ఠు బ్యాక్టీరియా పైపొరలోని కొవ్వు టీబీ బ్యాక్టీరియాది అంత గట్టిది కాదు, జైలీన్‌లో మైనం తీసేటప్పుడే దెబ్బతింటుంది, తర్వాత ఘాటైన యాసిడ్‌కు రంగు వదిలేస్తుంది. చర్మం ముక్కలో కుష్ఠు లేదని రిపోర్టు పోతే ఆ మనిషి చికిత్స లేకుండా తిరుగుతాడు. ఫైట్ పద్ధతిలో జైలీన్ రెండు వంతులకు వేరుశనగ నూనె ఒక వంతు కలిపి దాంట్లో మైనం తీస్తారు, నూనె పొర బ్యాక్టీరియాను కాపాడుతుంది. యాసిడ్ కూడా తేలిక, 5 శాతం సల్ఫ్యూరిక్. చివర్లో ఆల్కహాలులోకి తీసుకెళ్లకుండా అద్ది ఆరబెట్టి మౌంట్ చేయాలి. ఇంట్లో వాడే నూనే చాలు, దీనికి బడ్జెట్ సాకు చెప్పడానికి లేదు.

ఎముకలో సున్నం తీయడం మాత్రం ఆ మొదటి సీసా లాంటిదే, అక్కడా వెనక్కి దారి లేదు. 5 శాతం నైట్రిక్ ఆమ్లం ఒకటి రెండు రోజుల్లో సున్నం తీసేస్తుంది, ఒక పూట ఎక్కువ ఉంచితే కేంద్రకాలు రంగు పట్టవు. ఫార్మిక్ ఆమ్లం రోజులు పడుతుంది, ఈడీటీఏ అనే రసాయనం వారాలు. ఎముక మజ్జ ముక్కకు, ఇమ్యునోకు వెళ్లేదానికి ఈడీటీఏనే. మిగతా వాటికి ఫార్మిక్. డాక్టరు ఎంత తొందరపెట్టినా నైట్రిక్ జోలికి పోకపోవడం మంచిది. ముందు ఫార్మలిన్‌లో పూర్తిగా ఫిక్స్ కాని ఎముకను యాసిడ్‌లో వేయకూడదు.

రొయ్యకు వేరే లెక్క

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గుంటల్లో పెంచేది ఇప్పుడు ఎక్కువగా వనామీ. రొయ్యలు తేలిపోతున్నాయనో, ఎదుగుదల లేదనో రైతు వస్తాడు. మనిషి ముక్కకు వాడే బఫర్ ఫార్మలిన్ ఇక్కడ సరిపోదు. రొయ్య చచ్చిన నిమిషాల్లోనే హెపటోపాంక్రియాస్, అంటే రైతులు లివర్ అనే భాగం, దాని ఎంజైములతో అదే కరిగిపోవడం మొదలవుతుంది. పై పెంకు లోపలికి ద్రావణాన్ని పోనివ్వదు.

దీనికి డేవిడ్‌సన్స్ ద్రావణం. లీటరుకు 95 శాతం ఆల్కహాలు 330 మిల్లీలీటర్లు, ఫార్మలిన్ 220, గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 115, నీళ్లు 335. ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం వేగంగా లోపలికి చొచ్చుకుపోతాయి, ఆమ్లం పెంకును కొంత మెత్తబరుస్తుంది. ఊరికే ముంచితే లాభం లేదు. బతికున్న రొయ్యకే సిరంజితో ముందు లివర్‌లోకి, తర్వాత తలభాగంలో మిగతా చోట్ల, పొట్ట కండలోకి ఎక్కించాలి. ఆ వెంటనే పెంకును పొడవునా చీల్చి, పదింతల ద్రావణంలో వేయాలి. పోస్ట్ లార్వాలు (రొయ్య పిల్లలు) చిన్నవి, వాటిని నేరుగా వేసేయొచ్చు. 24 నుంచి 72 గంటల తర్వాత 70 శాతం ఆల్కహాలులోకి మార్చాలి. ఆమ్లంలో అలాగే వదిలేస్తే డీఎన్‌ఏ ముక్కలవుతుంది. గుంట గట్టు మీద చచ్చి పడున్న రొయ్యను కవర్లో వేసుకొచ్చిన రైతుకు మొహమాటం లేకుండా చెప్పాలి: దాంతో స్లయిడ్ చేయడం వృథా, వెళ్లి నీరసంగా ఈదుతున్నవి తీసుకురండి.

రైతు ఖర్చు పెట్టేది హిస్టాలజీ మీదా, పీసీఆర్ (రోగకారకం జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) మీదా? తెల్ల మచ్చల వైరస్ అనుమానమైతే పీసీఆర్ ముందు. గుంటలో రొయ్యలు రోజుల్లో పోతాయి, స్లయిడ్ తయారయ్యే దాకా ఆగలేరు. ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి అనుమానమైనా పీసీఆరే. దాని స్పోరు పొడవు సుమారు ఒక మైక్రాన్, మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) స్లయిడ్‌లో ఆయిల్ లెన్స్ పెట్టినా అనుభవం లేని కంటికి చిక్కదు. హిస్టాలజీ పనికొచ్చేది పీసీఆర్‌లో ఏదీ రాకుండా రొయ్యలు తగ్గిపోతున్నప్పుడు, లేదా రెండు మూడు రోగాలు కలిసి ఉన్నాయేమోనన్నప్పుడు. పీసీఆర్ అడిగిన రోగాన్నే వెతుకుతుంది. స్లయిడ్‌లో అడగనిది కూడా కనిపిస్తుంది: లివర్ గొట్టాల గోడలు రాలిపోవడం, లోపల బ్యాక్టీరియా, మొప్పల్లో నల్లబడ్డ మచ్చలు. తెల్ల మచ్చల వైరస్ కోసం చూసేవాళ్లు మొప్పలు, పొట్ట గోడ, పెంకు కింది పొర చూడాలి. ఉబ్బిన కేంద్రకాలు అక్కడ దొరుకుతాయి, లివర్ గొట్టాల కణాల్లో వెతకడం దండగ.

రెండు పరీక్షలూ చేయించాలంటే గట్టు మీదే రెండు సీసాలు పెట్టుకోండి. డేవిడ్‌సన్స్‌లో ఉన్న రొయ్యను తర్వాత పీసీఆర్‌కు పంపుదామనుకోవద్దు. అదే రొయ్యల గుంపు నుంచి కొన్నిటి ఈత కాళ్లు, మొప్పల ముక్కలు విడిగా 95 శాతం ఆల్కహాలులో వేయండి. ఈహెచ్‌పీకి లివర్ ముక్క కూడా. లోపల వేసే చీటీ మీద గుంట నంబరు, తేదీ, రొయ్యల వయసు పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ను ఇంకు ఆల్కహాలులో కరిగిపోతుంది, సీసా తెరిచేసరికి తెల్ల కాగితం మిగులుతుంది.